ఇయ్యనిది దత్తాంశమా?



‘డేటా’ అనే మాటకు మన పెద్దలెవరో ‘దత్తాంశము’ అని పేరు పెట్టారు. చక్కని మాట. దత్త, అంశ: సవర్ణదీర్ఘసంధి. దత్తమనగా ఈయబడినది. ముప్పైరెండేళ్ళు పిల్లలకు సంధులు చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఒక సందేహం పట్టుకుంది. బీరువాలో పెట్టి తాళం వేసుకున్నదానిని దత్తాంశమనవచ్చునా? వ్యుత్పత్తి ఒప్పుకోదు. ప్రాణాపాయవేళ ధర్మమూ ఒప్పుకోదు.

ఈ సందేహం ఊరకే పుట్టలేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. విజయవాడ సింగ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలు తెల్లవారుతూనే ఫోను చేసింది. “అన్నయ్యా, బుడమేరు పొంగిందట. నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చాయి. ఇంకా ఎంత వస్తాయో ఎవరినైనా కనుక్కుని చెప్పు” అంది. తెలిసిన నంబర్లన్నిటికీ చేశాను. ఎత్తిన ఒక్క మహానుభావుడు “ఆ వివరాలు మా దగ్గర ఉండవండీ” అన్నాడు. ఎవరి దగ్గర ఉంటాయో ఆయనకూ తెలియదు. మధ్యాహ్నానికి వాళ్ళు సామానంతా నీళ్ళకు వదిలి డాబా ఎక్కారు. ఆ తరువాత ఆ ప్రాంతానికి డ్రోన్లతో ఆహారపు పొట్లాలు పంపారు. మెచ్చుకోవలసిందే. కాని ఆకాశం నుండి పొట్లం దించగలిగిన విద్య, ముందు రాత్రి ఆ వీధికి ఒక్క అంకెను దించలేకపోయిందేమి?

అంకె ప్రజల సొత్తయితే ఏమవుతుందో భద్రాచలం వెళ్ళి చూడండి. గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. అక్కడి గృహిణికి ఏ అంకెకు ఏ వీధి మునుగుతుందో నోటికి వచ్చు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చిన సంగతి బడిపిల్లవాడు కూడా చెబుతాడు. అదీ దత్తాంశమంటే! బుడమేటి ఒడ్డున మా చెల్లెలి వీధివారికి అటువంటి అంకె ఒక్కటీ తెలియదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందని టీవీలు హోరెత్తించాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. దానిని లక్షలతో హెచ్చవేసి తన గడపకు ఎన్ని అడుగులో తేల్చుకోవడం డాబా మీద తడుస్తున్నవారి పనా?

“అన్నీ ముందే చెబితే జనం బెదిరిపోతారు” అని కొందరు విజ్ఞులు సెలవిస్తారు. నేను ఒప్పుకోను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు నేను ప్రాచ్య కళాశాల విద్యార్థిని. సహాయానికి వెళ్ళినప్పుడు ఒక వృద్ధుడు నాతో, “గాలివాన అన్నారు బాబూ, సముద్రమే లేచొస్తుందని మాకెవరూ చెప్పలేదు” అన్నాడు. ఆ మాట నేటికీ చెవిలో ఉంది. ఒడిశాలో 1999 తుపానుకు వేలాదిమంది పోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు ముందే చెప్పి, దాదాపు పది లక్షల మందిని తరలించారు. మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. జనం బెదరలేదు, బతికారు. బెదిరించేది అంకె కాదు. అంకె లేనిచోట పుట్టే పుకారు.

“ఇది వేరే శాఖవారిది” అనే వాదం మరీ వింత. విపత్తు వస్తే ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా ఇచ్చిపుచ్చుకొనే అంతర్జాతీయ ఒడంబడిక 2000లో అమలులోకి వచ్చింది. మరుసటి ఏడే మన ఇస్రో అందులో చేరింది. దేశాలు సరిహద్దులు దాటించి పంచుకుంటున్నదానిని ఒకే భవనంలోని రెండు గదులు పంచుకోలేవా?

అయితే ఒక హద్దు చెప్పాలి. నదిమట్టం, వర్షపాతం, గేట్లు ఎత్తిన వేళ, ముంపు పటం, ఇవి అందరివి. బాధితుల పేర్లు, ఆధార్ అంకెలు, బ్యాంకు ఖాతాలు వారివి. సహాయం పేరిట వాటిని ఊరూరా తిప్పడం పంచుకోవడం కాదు, అపచారం. మనవద్ద తరచు తలక్రిందులవుతుంది. మనిషి వివరాలు బజారున పడతాయి, ఏటి వివరాలు అంతఃపురంలో ఉంటాయి.

పెద్ద నదుల మట్టాలను నేడు కేంద్ర జలసంఘం అంతర్జాలంలో చూపుతున్నది. సంతోషం. నా కోరిక చిన్న ఏరుల గురించి. బుడమేరు వంటి ప్రతి వాగుకూ ఒక కొలబద్ద ఉండాలి. దాని లెక్క గంటగంటకూ, ఎవరైనా వాడుకోగల రూపంలో బయటపెట్టాలి. మన కంప్యూటరు పిల్లలు దానితో పటాలు తామే గీయగలరు. హెచ్చరిక “అల్పపీడన ప్రభావమున భారీవర్షములు” అని కాక, “ఈ రాత్రికి మీ వీధిలో నడుములోతు నీరు” అని తెలుగులో రావాలి. గ్రాంథికాభిమానిని నేనే అంటున్నాను: ఆ ఒక్కచోట గ్రాంథికం వద్దు.

అభ్యంతరాలుంటే వ్రాయండి, చర్చిద్దాం. కాని ముందుగా ఒక పని చేయండి. మీ ఇంటికి దగ్గరలోని వాగు పేరు, అది ఎన్ని అడుగులకు పొంగితే మీ గడప తాకుతుందో కనుక్కోండి. ఎవరూ చెప్పలేకపోతే, నా కోపానికి కారణం మీకే బోధపడుతుంది.