శీఘ్రస్ఖలనం: ఏది జబ్బు, ఏది కాదు

ఇటువంటి విషయం మన పత్రికలో రాయవచ్చునా అని కొందరు పెద్దలు అనుకోవచ్చును. "నరాల బలహీనతకు మందు" అని గోడల మీద పెద్ద అక్షరాలతో రాస్తే చదువుతున్నాం కదా, ఆస్పత్రి వారు చెబితే సిగ్గెందుకని నా ప్రశ్న.

కలయికలో మగవానికి తాను కోరుకున్న దానికంటే ముందే, ఆపుకోలేకుండా వీర్యం పడిపోవడాన్ని శీఘ్రస్ఖలనం అంటారు. అయితే ప్రతి తొందరా జబ్బు కాదు. లైంగిక వైద్య నిపుణుల అంతర్జాతీయ సంఘం 2014లో ఇచ్చిన నిర్వచనం మూడు సంగతులు చూడమంటుంది. మొదటి నుండి ఉన్నవారికి దాదాపు ప్రతిసారీ సుమారు 1 నిమిషం లోపే అయిపోవాలి. మధ్యలో వచ్చినవారికి ఇదివరకటి సమయం బాగా తగ్గి, తరచుగా 3 నిమిషాలకో ఇంకా తక్కువకో రావాలి. ఆపుకోవడం చేతకాకపోవాలి. దానివల్ల మనిషి బాధపడుతుండాలి. 2005లో 5 దేశాల దంపతులు గడియారం పెట్టి కొలిచిన ఒక అధ్యయనం ప్రచురితమైంది. అందులో సగం మందికి 5.4 నిమిషాల లోపే అయిపోయింది. అరగంట అని గొప్పలు చెప్పే స్నేహితులను, సెల్‌ఫోన్ వీడియోలను నమ్మి తనకు జబ్బుందనుకునేవారే ఎక్కువని నా అభిప్రాయం.

మన జగిత్యాల, కోరుట్ల ఇళ్ళ సంగతి చూడండి. దుబాయి, మస్కట్ నుండి రెండేళ్ళకు సెలవు మీద వచ్చిన మనిషికి మొదటి కొన్ని రాత్రులు త్వరగా అయిపోవడం సహజం. కానీ ఉండేది రెండు నెలలే. ఆ బెంగతో ప్రతి రాత్రీ పరీక్ష రాసినట్టు అవుతుంది, బెంగ పెరిగిన కొద్దీ తొందర పెరుగుతుంది. సిరిసిల్లలో మరమగ్గాల మీద రాత్రి పని చేసి వచ్చి, పిల్లలు, ముసలి తల్లి పడుకున్న ఒక్క గదిలో చప్పుడు కాకుండా ముగించుకునే వానికి ఉన్నది నరాల బలహీనత కాదు, ఇల్లు ఇరుకు.

ఇటువంటివారే డేరా మందులకు గల్ఫ్ సంపాదన ధారపోస్తారు. లైంగిక శక్తి పెంచుతామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది, అయినా గోడలు ఖాళీగా లేవు. డబ్బు పోతే పోయింది; "మూలికలు" అని అమ్మే మాత్రలలో వయాగ్రా మందు కలిపినవి పట్టుబడ్డాయి. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేవారు అది మింగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

నిజంగా జబ్బు ఉన్నవారికి వైద్యం ఉంది. అంగస్తంభన తగ్గడం, థైరాయిడ్ ఎక్కువ కావడం, ప్రోస్టేట్ గ్రంథి వాపు వంటి కారణాలుంటే ముందు వాటిని చూడాలి. వీర్యం వచ్చేలా అనిపించగానే ఆగి, తగ్గాక మళ్ళీ మొదలుపెట్టే అభ్యాసాన్ని 1956లోనే సీమన్స్ అనే డాక్టరు వివరించారు. దీనికి భార్య సహకారం కావాలి కనుక ఆమెకు చెప్పక తప్పదు. చర్మానికి కొద్దిగా తిమ్మిరి కలిగించే మందులు, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు కూడా పనిచేస్తాయి, కాని డాక్టరు రాస్తేనే వాడాలి.

చాలాసార్లు ఈ మాట నర్సులకు ముందు చెప్పేది భార్యలే. "మా ఆయన నా మీద కోపంగా ఉంటున్నాడు" అని మొదలుపెడతారు. అమ్మలారా, తప్పు మీది కాదు, ఆయనదీ కాదు. ఇద్దరూ కలిసి రండి. ఓ.పి. చీటీ దగ్గర నలుగురిలో కారణం చెప్పనక్కరలేదు, డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడాలి అంటే చాలు.