ఆ మూడో పెట్టె ఏది?

మన కాలేజీలో ఫైనలియర్ ప్రాజెక్టు ఏదని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: స్కాన్ ఇస్తే నార్మలా, అబ్‌నార్మలా తేల్చే మోడల్. అక్యురసీ చూపిస్తారు, చప్పట్లు కొడతాం. నా పేచీ ఆ రెండు పెట్టెలతోనే.

ఛాతీలో నొప్పంటే మన ఇళ్లలో వినిపించేవీ రెండే మాటలు. "గుండెపోటేమో!" లేదంటే "గ్యాస్ అయ్యుంటుందిలే." ఈ రెంటికీ మధ్య చాలా ఉంది. ఉదాహరణకి ఎపిపెరికార్డియల్ ఫ్యాట్ నెక్రోసిస్. పేరు చూసి బెదరకండి. గుండె చుట్టూ ఉన్న పొరకి బయట కాస్త కొవ్వు ఉంటుంది, అందులో ఓ ముక్క చచ్చిపోయి వాస్తుంది. అంతే. నొప్పి మాత్రం ఉన్నట్టుండి వస్తుంది, ఊపిరి పీలిస్తే పొడుస్తుంది. 1957లో దీన్ని మొదట వర్ణించారు. అప్పట్లో ట్యూమరేమోనని ఛాతీ కోసి చూస్తే గానీ తేలేది కాదు. ఇప్పుడు సీటీలోనే కనిపిస్తుంది: గుండె పక్కన కోడిగుడ్డు ఆకారంలో కొవ్వు, దానికో సన్నని అంచు, చుట్టూ మసక గీతలు. వైద్యం? నొప్పి మాత్రలు, కొన్ని వారాల ఓపిక.

అది కొవ్వేనని ఎలా తెలుస్తుందంటారా? హౌన్స్‌ఫీల్డ్ స్కేలు మీద నీళ్లు 0, గాలి -1000, మామూలు కొవ్వు సుమారు -100. ఆ గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఈఎమ్ఐ కంపెనీలో ఇంజినీరు. యూనివర్సిటీ డిగ్రీ కూడా లేదు. 1979లో వైద్యంలో నోబెల్ పంచుకున్నాడు. (బ్యాక్‌లాగులున్నవాళ్లు దీన్ని ఇంట్లో వాడుకోవద్దని మనవి.)

నొప్పి రాగానే సీటీకి పరిగెత్తమని కాదు. ముందు ఈసీజీ, ట్రోపోనిన్. రేడియేషన్ ఊరికే తీసుకునేది కాదు. కానీ ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఉందేమోనని ఎలాగూ సీటీ తీసినప్పుడు, గడ్డ లేదనగానే కళ్లు పక్కకి తిప్పేస్తే ఆ చిన్న మసక దొరకదు. మా పెద్దనాన్నకి "అన్నీ నార్మలే" అని రాసిచ్చారు. నొప్పి తగ్గింది, భయం తగ్గలేదు. ఆర్నెల్లు పొలానికి ఒంటరిగా వెళ్లలేదు. ఆయనకొచ్చింది ఇదేనని నేననను. "ఏమీ లేదు" అన్న మాట మనిషిని ఎంత ఖాళీగా వదిలేస్తుందో మాత్రం చూశాను.

మనమేం చేస్తున్నాం? శాంపిల్స్ తక్కువని అరుదైన క్లాసుని డేటాసెట్‌లోంచి తీసేస్తాం. అక్యురసీ ఇంకాస్త పెరుగుతుంది కూడా! "ప్రమాదం లేదు, కానీ సంగతి ఇదీ" అనే మూడో పెట్టె పెట్టండి. దానికి డేటా చాలకపోతే "నాకు తెలీదు, డాక్టరుగారూ, ఇక్కడోసారి చూడండి" అని ఆ చోట గీత గీసే మోడలైనా చెయ్యండి. రివ్యూలో మార్కులు ఓ రెండు తగ్గుతాయేమో.