సెలైను సీసాలో ఉప్పు

వానలును చలియు మొదలైనంతనే మన ఆసుపత్రులు ఆయాసపడు పసిబిడ్డలతో నిండుచున్నవి. ఆర్.ఎస్.వి. మొదలగు వైరసులు సన్నని శ్వాసనాళికలను వాపెక్కించుటచే కలుగు ఈ జాడ్యమును వైద్యులు బ్రాంకియోలైటిస్ అందురు. తలిదండ్రుల చూపంతయు ఊపిరిపైననే యుండుట సహజము. కాని ఆ సమయముననే బిడ్డ నెత్తురులో సోడియము తగ్గిపోవచ్చును. ఆ సంగతి రక్తపరీక్షవలనగాని నిశ్చయముగ తెలియదు.

సోడియము లీటరునకు 135 మొదలు 145 మిల్లీఈక్వివలెంట్ల వరకు ఉండవలెను. ఊపిరితిత్తులు రోగగ్రస్తములైనపుడు మూత్రమును తగ్గించు హార్మోను అధికముగ స్రవించి నీటిని దేహముననే నిలుపును. అట్టి బిడ్డకు ఉప్పులేని గ్లూకోజు నీరెక్కించినచో నెత్తురు మరింత పలుచనగును. సోడియము మిక్కిలి పడిపోయినచో మెదడు ఉబ్బి మూర్ఛలు వచ్చును, ప్రాణమే పోవచ్చును. ఆ మూర్ఛను జ్వరమునకు అంటగట్టుట సులభము!

ఇది ఏ యొక్క వైద్యుని తప్పును కాదు. 1957లో అమెరికా వైద్యులు హాలిడే, సీగరు ప్రకటించిన లెక్కను పట్టి దశాబ్దములపాటు అల్పలవణ ద్రవములనే యెక్కించిరి. 2018లో అమెరికా శిశువైద్య సంఘము, 28 దినములు దాటిన పిల్లలకు సాధారణముగ నెత్తురుతో సమానమగు సోడియముగల ద్రవమునే యీయవలెనని నిర్దేశించెను. గ్లూకోజు వలదని కాదు, దానితో ఉప్పుండవలెను. చాలినంత త్రాగగల బిడ్డకు సూదియే యక్కరలేదు. మనవారో, సీసా వ్రేలాడినగాని వైద్యము జరిగినట్లు తలంపరు.

సీసా కట్టిన ప్రతి బిడ్డకును సోడియము పరీక్షింపవలెనని మేము కోరుచున్నాము. చిన్నపట్టణముల ఆసుపత్రులలో రాత్రివేళ ఈ పరీక్ష జరుగుచున్నదా? అధికారులు సమాధానము చెప్పవలెను.