తొలి బొమ్మ

సంక్రాంతి దినములలో బొమ్మల కొలువు తీర్చిన యింటికి పోయినచో కొండపల్లి బొమ్మలు తరచుగా మన కంటబడును. అంబారీ యేనుగు, దశావతారములు, ఎడ్లబండి, తాడిచెట్టు నెక్కు గీతకాడు - ఇవి జానెడైనను లేని బొమ్మలు. వానిని చూచి మెచ్చుకొనుట సులభము. మనమే కుంచె పట్టి అట్టి చిన్న బొమ్మకు రంగు వేయబూనినపుడు గాని అందలి కష్టము తెలియదు.

ఒక యేడు పండుగకు ముందు, ఎనిమిదవ తరగతి చదువుచున్న నా మేనల్లుడు రంగు వేయని కొయ్య యేనుగు నొకదానిని తెచ్చుకొనెను. ఉదయము పనికి కూర్చుండి మధ్యాహ్న భోజనము వేళకే దానిని ముగింపదలచెను. చిక్కని రంగును ఒక్కసారిగా పట్టించెను. అది యారకమునుపే దాని ప్రక్కన వేరొక రంగు దిద్దెను. ఏనుగు నలుపును అంబారీ యెరుపును కలిసి బురదవలె నయ్యెను. చెవుల మడతలు రంగుతో పూడిపోయెను. కన్ను చెంపమీదికి జారెను. వాడు కన్నీరు పెట్టుకొని, "మామయ్యా, నా కీ విద్య రాదు. నా చేయి మంచిది కాదు" అని బొమ్మను పారవేయబోయెను. నేను దానిని తీసికొని గూటిలో పెట్టితిని. తొలి బొమ్మ యెంత చెడినను దానిని పారవేయరాదని నా యభిప్రాయము.

వాని చేతియందు లోపమేమియు లేదు. వానికి కొరవడినది ఓర్పు. కొండపల్లి పనివారు బొమ్మ చేయు విధమును చూచినచో ఈ మాట తేటపడును. ఎన్.టి.ఆర్. జిల్లాలో, విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున ఆ యూరు కలదు. అచటివారు తెల్లపొణికి యను తేలికైన కొయ్యను వాడుదురు. మొదట దానిని సన్నని సెగపై వేడిచేసి యందలి తేమను పోగొట్టుదురు. కాళ్లు, చేతులు, తల మున్నగువానిని వేరువేరుగా చెక్కి, చింతపిక్కల పిండిని రంపపు పొట్టుతో కలిపి చేసిన మక్కుతో అతుకుదురు. ఆ యతుకు ఆరవలెను. పిమ్మట తెల్లని పూత పూయుదురు. అదియు నారవలెను. ఆ తరువాతనే రంగులు. అనగా కుంచె రంగులో మునుగుటకు ముందే వారు ముమ్మారు వేచియుందురు. తరతరములుగా ఈ పని చేయువారికే ఇంత నిరీక్షణము తప్పనిచో, నిన్న మొదలిడిన మనకు తప్పునా?

రంగు వేయునపుడును ఈ యోర్పే కావలెను. రంగును పలుచగా కలిపి రెండు మూడు పూతలుగా వేయవలెను. మొదటి పూతలో అడుగు కనబడును. అది చూచి నిరుత్సాహపడరాదు. ఆరిన పిదప రెండవ పూత దానిని కప్పును. లోపలి మడతలకు ముందును, పైకి పొడుచుకొని వచ్చిన భాగములకు తరువాతను రంగు వేసినచో, కుంచె జారినను దిద్దుకొనుట సులువు. కన్నులు దిద్దుటకు మిక్కిలి చిన్న కుంచె కావలెనని పలువురు తలంతురు. కాని అట్టి కుంచెలో రంగు నిలువక కొనయందే యారిపోవును. కొన చెదరక కూడియుండు నడిమి రకపు కుంచెయే మేలు. రెండు మణికట్టులను ఒకదాని కొకటి ఆనించి పట్టినచో చేతి వణకు తగ్గును.

"చెడిన బొమ్మను గోకివేసి దానికే మరల రంగు వేయరాదా? కొయ్యను వ్యర్థము చేయనేల?" అని కొందరడుగుదురు. ఇందు న్యాయము లేకపోలేదు. చెట్టు పెరుగుటకు ఏండ్లు పట్టును. కావున పూతల యభ్యాసమును అట్టముక్కలపైనను, పగిలిన మట్టిబొమ్మలపైనను చేయుట మంచిదే. కాని ముగించిన తొలి బొమ్మను మాత్రము ఉంచుకొనవలెను. ఏలయన, నేర్చువాడు తన నేటి పనిని తన నిన్నటి పనితో పోల్చుకొననిచో, ఆరితేరినవాని పనితోనే పోల్చుకొనును. ఆ పోలికలో వాడెప్పుడును ఓడిపోవును. కొంతకాలమునకు కుంచెయే విడిచిపెట్టును. తొలి బొమ్మ పోయినచో వాని కొలబద్ద పోయినట్లే.

ఆ యేడు మా చెల్లెలు ఆ యేనుగును కొలువులో వెనుక మెట్టుపై నుంచెను. పేరంటమునకు వచ్చినవారిలో నొకరు దానిని చూచి నవ్విరి. ఆ నవ్వు పిల్లవానికి బాధ కలిగించినమాట నిజము. మరుసటి యేట వాడు వేరొక యేనుగును తెచ్చి 5 దినములు కూర్చుండి చిత్రించెను. అదియు గొప్ప బొమ్మ కాదు. ఒక కన్ను రెండవదానికంటె పెద్దదిగనే యుండెను. కాని చెవుల మడతలు స్పష్టముగా కనబడెను. ఎరుపు ఎరుపుగను, నలుపు నలుపుగను నిలిచెను. వాడు రెండు బొమ్మలను ప్రక్కప్రక్కన పెట్టి, తేడా యెచటెచట నున్నదో నాకు వ్రేలితో చూపెను. నేను మెచ్చుకొనవలసిన పని లేకపోయెను.

బాలబాలికలారా! మీరు కొయ్యబొమ్మకే గాని, మట్టిబొమ్మకే గాని రంగు వేయ నేర్చుకొనునపుడు దానిని సగములో విడువకుడు. కన్నులును అంచులును చివరనే వచ్చును గనుక, ముగించినవాడే వానిని నేర్చుకొనగలడు. ముగించిన తొలి బొమ్మ యడుగున తేదీ వ్రాసి దాచుకొనుడు. రెండవదానిని తెచ్చి దాని ప్రక్కన నిలుపుడు.