పాతాళగంగతో పరిహాసమా?

మంగంపేటలో భూమిని మనుష్యుడు త్రవ్వినాడు. బేలంలో నీరు త్రవ్వినది. మంగంపేట ముగ్గురాయి చమురుబావులు త్రవ్వువారికై దేశాంతరములకు పోవుచున్నది. బేలం గుహను చూచుటకై దేశాంతరములవారు ఇచటికి వచ్చుచున్నారు. గనిగోతిలో వాననీరు నిలిచినచో దానిని తోడించిన పిదపగాని కూలివానిని దింపరాదని అందఱకును తెలియును. గుహ విషయమున ఈపాటి వివేకము మనకేల కలుగదు?

పెద్దవానలు వెలసిన మఱునాడు మంగంపేటనుండి కొందఱు మిత్రులతో మేము బేలమునకు పోయితిమి. కొలిమిగుండ్ల దారిలో చేలన్నియు మడుగులై యుండెను. నాపరాతి నెఱియలలో మాత్రము నీరు జాడలేక ఇంకిపోవుచుండెను. ఎండుసీమవారికి వాన పండుగ గదా! ఆ యుత్సాహమున పిల్లలును పెద్దలును గుంపులు గుంపులుగ దిగుచుండిరి. లోపల కప్పునుండి చినుకులు ధారలై కారుచుండెను. మాకు త్రోవ చూపుచున్న గ్రామస్థుడు ఒక మలుపుకడ నిలిచి, చెవియొగ్గి, “నిన్నటికంటే నీళ్లసద్దు ఎక్కువైంది. ఇంక ముందరికి వద్దు సామీ” అనెను. మాలో చిన్నవాడొకడు నవ్వి, పైన ఆకాశము నిర్మలముగ నున్నదిగదా యని వాదించెను. మేము వాదమును విడిచి వెనుకకు మరలితిమి.

ఆ గ్రామస్థుని మాటయే శాస్త్రము. వాననీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని మందమైన ఆమ్లమగును. సున్నపురాతి పగుళ్లలో దిగి దానిని కరగించును. వేలకొలది యేండ్లు ఈ పని సాగినచో పగులు బిలమగును, బిలము మందిరమగును. అనగా మనము నడచు బాట నీటి బాటయే. ఎక్కడనో కురిసిన వాన నేలలోనికి దిగి, కొంత వ్యవధికి గుహను చేరవచ్చును. ద్వారముకడ ఎండ కాచుచుండుట లోపలివారికి అభయము కాజాలదు.

ఇది కేవలము ఊహ కాదు. 2018 జూన్ 23న థాయిలాండులోని థాం లువాంగ్ గుహలో పండ్రెండుమంది బాలురును వారి శిక్షకుడును వెల్లువకు చిక్కిరి. జూలై 10 నాటికి వారందఱును వెలికి వచ్చిరి. కాని ఆ ప్రయత్నమున ఒక గజఈతగాడు ప్రాణములు కోల్పోయెను. మనకు అంతదూరపు నిదర్శనమేల? 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి మున్నగు గ్రామములను ముంచివేసినది. 1876-78 నాటి మహాక్షామమును కథలుగ చెప్పుకొను సీమలో నీరు లేకపోవుటయే కాదు, నీరు మిక్కుటమగుటయు చంపగలదని అది చాటినది.

బేలం గుహలో ఇంతవరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. 1982, 1983 సంవత్సరములలో డానియల్ గెబౌవర్ నాయకత్వమున జర్మను అన్వేషకులు దీనిని శోధించిరి. 2002లో ఇది యాత్రికులకు తెఱవబడినది. వారు తిరుగునది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అందులో మిక్కిలి లోతైన తావు పాతాళగంగ. నేలమట్టమునకు దాదాపు నూటయేబది అడుగుల దిగువన నున్నది.

వానకాలమున గుహను మూసినచో గ్రామస్థుల జీవనము చెడునని కొందఱందురు. ఈ యాక్షేపణలో న్యాయము కలదు. టీకొట్టువాడును, త్రోవచూపువాడును యాత్రికునిపై ఆధారపడినవారే. కావున మేము కోరునది కాలమంతయు మూయుమని కాదు. లోపల నీటిమట్టమును తెలుపు గుర్తుకొయ్యలు నాటవలయును. దినదినము చూచి ద్వారముకడ వ్రాయవలయును. హద్దు మీఱిన దినమున తలుపు మూయు అధికారము నీటిసద్దు నెఱిగిన ఆ త్రోవరికే ఈయవలయును. మూసిన దినమునకును అతనికి కూలి ముట్టవలయును. లేనిచో అతని నోటిమాటను అతని ఆకలియే మాన్పించును.

ఇంకొక కర్తవ్యము మనది. ఈ గుహ ఒకప్పుడు చుట్టుపట్లవారి చెత్తకు గొయ్యిగా నుండెడిది. కొందఱు స్థానికుల పట్టుదలచే అది తప్పినది. కాని సున్నపురాతి సీమలో నేటికిని ప్రతి గుంటయు కుప్పతొట్టి యనియే మన భావన. ఇసుకనేల నీటిని వడగట్టును. సున్నపురాతి బిలము వడగట్టదు. గుంటలో వేసిన మాలిన్యము తొలివానతోనే అడుగునకు దిగును. పాతాళగంగ బేలం గ్రామపు బావిని చేరునని అచటివారి నమ్మకము. నీరు ఏ బావిని చేరినను త్రాగువారు మన తోడివారే గదా!

వానలు వెలసిన వెంటనే గుహకు పరుగెత్తదలచు పాఠకులకు మా విన్నపమొకటి. ముందుగ ఆ యూరి త్రోవరిని అడుగుడు. అతడు వద్దన్నచో కూలి అతని చేతిలో నుంచి, మరలి రండు. గుహ ఎచ్చటికిని పోదు.