చేతి వాచీకి సొంత చార్జర్

ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరా నుంచి రాత్రి షిఫ్టుకు బయల్దేరిన వారి స్మార్ట్‌వాచ్ దారిలో మొరాయిస్తే, జేబులో పవర్‌బ్యాంక్ ఉన్నా అక్కరకు రాకపోవచ్చు. వాచీ తీసుకునే కరెంటు మరీ స్వల్పం. దాంతో పని అయిపోయిందనుకుని చాలా పవర్‌బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. అందుకే సొంత తయారీ. 3.7 వోల్టుల లిథియం సెల్, 4.2 వోల్టుల దగ్గర దాని చార్జింగ్ ఆపేసే బోర్డు, స్వల్ప కరెంటుకూ ఆగకుండా 5 వోల్టులు అందించే మరో బోర్డు కావాలి. అయితే పిసినారితనం పనికిరానిది ఒకటుంది: షార్టయితే సరఫరా తెంచేసే రక్షణ సర్క్యూట్. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నుంచి ఊడదీసిన విడి సెల్‌కు సాధారణంగా అది ఉండదు. అది లేకుంటే జేబులో ఉన్నది చార్జర్ కాదు, నిప్పు.