దాచిన విద్య

సారా కాచు పుస్తకమును గూర్చి సంఘ సంచికలో వ్రాయుటేల యని పెద్దలు కొందఱు ప్రశ్నింపవచ్చును. మద్యపానమును మేము సమర్థింపము. మా వాదము మద్యమును గూర్చినది కాదు. విద్యను దాచుటను గూర్చినది.

1809వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున, హారిస్‌బర్గ్ పట్టణమున 'ది ప్రాక్టికల్ డిస్టిలర్' అను గ్రంథము అచ్చయ్యెను. గ్రంథకర్త లాంకాస్టర్ కౌంటీ వాసియగు శామ్యూల్ మెక్‌హారీ. ఈ విషయమున ఆ దేశమందు వెలువడిన తొలి గ్రంథములలో ఇది యొకటి. ఆనాడచట విస్కీ విలాసవస్తువు మాత్రమే కాదు. పడమటి పెన్సిల్వేనియా రైతునకు ధాన్యమును కొండలు దాటించి సంతకు చేర్చుటకంటె విస్కీగా మార్చి కొనిపోవుట సులభము. 1791లో ప్రభుత్వము దానిపై పన్ను విధింపగా 1794లో ఆ రైతులు తిరుగబడిరి. అంతటి ముఖ్యమైన వృత్తి యయ్యును, దాని మర్మములను బట్టీదారులు గుప్పిట దాచుకొనిరి.

తాను వృత్తిలో ప్రవేశించునాటికి, ధాన్యము పులియనిదే సారా రాదన్న సంగతి సైతము తన కెఱుక లేదని మెక్‌హారీ పీఠికలో చెప్పుకొనెను. పుస్తకములు వెదకెను, పనికివచ్చునవి దొరకలేదు. తెలిసినవారి నడిగెను, డబ్బిచ్చి పద్ధతులు కొనెను, స్వయముగా పరీక్షించి ఫలించినవానిని వ్రాసిపెట్టెను. పిమ్మట అచ్చువేయించి అందఱ కిచ్చెను. మంచి ఈస్టు తయారుచేయుట, పీపాలను కాగిన నీటితో శుభ్రపఱచుట, రై, మొక్కజొన్న, ఆపిలు, బంగాళాదుంప, గుమ్మడికాయలనుండి సారా తీయుట, ఖర్చు రాబడుల లెక్కలు — ఇవి యందలి విషయములు. పండితులు వ్రాయనిదానిని పనివాడు వ్రాసెను.

మర్మము చెప్పినచో కూడు పోవునని మనవారనుచుందురు. ఇది వట్టి భయము. ఆ గ్రంథము వెలువడిన పిమ్మట ఇరువదియేండ్లలో అమెరికాలో ఆ వృత్తి క్షీణింపలేదు సరికదా, ఇంకను ప్రబలెను. నేడు తొలి ముద్రణ ప్రతులు మిక్కిలి అరుదు. అయినను గ్రంథపాఠము గూటెన్‌బర్గ్ ప్రాజెక్టులో ఎల్లరకు ఉచితముగా లభించుచున్నది. కాగితము అరుదయ్యెనుగాని విద్య అరుదు కాలేదు. దాచుకొన్న బట్టీదారుల విద్య మాత్రము వారితోనే కాటికేగెను.

పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములందు అద్దకపు పాళ్ళు, నేత కొలతలు, ఇంటి మందుల యోగములు ఎఱిగిన పెద్దలు నేటికిని కలరు. అవి యన్నియు తెలుగు మాటలలో, నోటిమీద నిలిచియున్నవి. మనుమలు మఱియొక భాషలో చదువుకొనుచున్నారు. తాతగారు వ్రాయకున్న రేపు అడుగువారికి మాటయు దొరకదు, పనియు దొరకదు. "మేమేమి చదువుకొన్నాము, ఏమి వ్రాయగలము" అను సంకోచము తగదు. మెక్‌హారీయు పండితుడు కాడు.

కావున అరుదైన పుస్తకములకు అద్దాల బీరువాలు చేయించుటకు ముందు, సంఘమువారు ఇంటింటికి ఒక నోటుపుస్తకము పంపి, ఎఱిగినవారిచే ఎఱిగినది వ్రాయింపవలెను. అక్షరదోషములున్నచో మేము దిద్దెదము.